పాల ప్యాకెట్ కడిగి ఆరేస్తే ఏమవుతుంది?

పోయిన ఎండాకాలం, ఆరు నెలలుగా పోగైన పేపర్లను కట్టగట్టి నల్లగొండలో మా వీధి చివరనున్న పాత సామాను దుకాణానికి పట్టుకెళ్లాను. దుకాణదారు వెంటనే కాటా వేయలేదు. ముందు కట్ట అడుగున చేయి దూర్చి చూశాడు. ఆ వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కట్ట విప్పి, పై సగాన్ని కాటా మీదికెత్తి, కింది సగాన్ని పక్కకు జరిపాడు. "ఇది తడిసిందమ్మా, బూజు పట్టింది. దీన్ని కలిపితే మొత్తానికే ధర తగ్గిస్తారు" అన్నాడు. మా వంటింటి మూలన పేపర్ల పక్కనే చెత్తడబ్బా ఉండేది. అందులోంచి నీళ్లు ఎప్పుడు కారాయో, పేపర్లు ఎన్ని రోజులు నానాయో మేం గమనించలేదు. మూడు నెలల పేపరు ఇంట్లోనే చెత్తయిపోయింది.

చెత్త వేరు చేయడం గురించి ఇన్నేళ్లుగా వింటున్న మాటలకంటే ఆ అరనిమిషం నాకు ఎక్కువ నేర్పింది. ఒక వస్తువు మళ్లీ సరుకు కావాలంటే దాన్ని ఎవరో ఒకరు డబ్బిచ్చి కొనాలి. బండి మీద వీధివీధి తిరిగి కొనే మనిషి చిన్న దుకాణానికి అమ్ముతాడు. దుకాణం పెద్ద గోదాముకు అమ్ముతుంది, గోదాము ఫ్యాక్టరీకి. మున్సిపాలిటీ ఆటో ఎత్తుకెళ్లిన సీసా అయినా, పంచాయతీ ట్రాక్టరు ఎత్తుకెళ్లిన అట్టపెట్టె అయినా మళ్లీ పనికి రావాలంటే ఈ దారిలో పడాల్సిందే. ఈ దారిలో ఎవరి చేతికి వెళ్లినా అడిగే ప్రశ్నలు అవే: ఆరిందా, శుభ్రంగా ఉందా, ఒకే పదార్థమా, లారీ కిరాయి గిట్టేంత సరుకుందా. చివరిది మన చేతిలో లేదు. మిగతా మూడూ మన వంటింట్లోనే తేలిపోతాయి.

ముందు పేర్ల దగ్గరే ఒక చిక్కుంది. తడి చెత్త, పొడి చెత్త అన్న మాటలు చెవికి ఎంత తేలికగా ఉంటాయో అంత తికమక పెడతాయి. ఎండి గలగలలాడే ఉల్లిపొట్టు ఏ డబ్బాలో వేయాలి? ఇప్పుడే కడిగిన నూనె సీసా ఏ డబ్బాలో వేయాలి? మా ఇంట్లోనే చాలాకాలం ఉల్లిపొట్టు, పల్లికాయ పొట్టు, ఎండిన పూలదండలు పొడి డబ్బాలోకి వెళ్లేవి. ముట్టుకుంటే పొడిగానే ఉన్నాయి కదా అన్నది మా లెక్క. నిజానికి తడి చెత్త అంటే కుళ్లి మట్టిలో కలిసేది. పొడి చెత్త అంటే కుళ్లకుండా ఉండి, మళ్లీ వస్తువుగా మారగలిగేది. ఉల్లిపొట్టు ఎంత ఎండినా ఆకుపచ్చ డబ్బాలోకే వెళ్లాలి. సీసా కడిగి ఆరబెట్టాక నీలం డబ్బాలోకి వెళ్లాలి. కాగితం ఒక్కటే రెండు వైపులా ఉంటుంది. శుభ్రంగా ఉన్నంతవరకు అది పొడి చెత్త. మిర్చిబజ్జీల నూనె పీల్చుకున్న మరుక్షణం తడి చెత్త. కాగితం మిల్లులో పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. నూనె నీటిలో కలవదు, కాగితం పీచును వదలదు. అది గుజ్జులో మిగిలిపోతే కొత్త కాగితం మీద మరకలు తేలతాయి.

2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లోనే చెత్తను మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వాలన్నాయి: కుళ్లేది, కుళ్లనిది, ఇళ్లలో పుట్టే ప్రమాదకరమైన చెత్త. డైపర్లను, శానిటరీ ప్యాడ్లను విడిగా చుట్టి ఇవ్వాలని కూడా చెప్పాయి. గోడల మీద రెండు డబ్బాల బొమ్మలే చూసి చూసి ఈ మిగతా భాగాన్ని మనం దాదాపు మరిచిపోయాం. ప్రమాదమంతా ఉన్నది ఆ మరిచిన భాగంలోనే. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇప్పుడు పాల ప్యాకెట్. రోజుకు రెండు అర లీటరు ప్యాకెట్లు వాడే ఇంట్లో ఏడాదికి 730 ప్యాకెట్లు పోగవుతాయి. ఒక్కోటి కొద్ది గ్రాములే తూగుతుంది గాని, ఆ పల్చటి ప్లాస్టిక్ మంచి రకం, కరిగించి మళ్లీ వాడుకోవడానికి వీలైనది. దాన్ని చెడగొట్టేది మనం లోపల వదిలేసే నాలుగు చుక్కల పాలు. ఎండకు అవి విరిగి పుల్లబడతాయి, పురుగు పడుతుంది, పక్కనున్న కాగితానికీ ఆ వాసన అంటుతుంది. ప్యాకెట్‌లో కాసిన్ని నీళ్లు పోసి, నాలుగు మూలలా తిప్పి, ఆ నీళ్లను పాలగిన్నెలోనే వంపే అలవాటు మన అమ్మలకు ఎప్పటినుంచో ఉంది. ఒక్క చుక్క పాలు కూడా వృథా కాకూడదని వాళ్లు చేసిన పని అది. ఆ పని చేసి, ప్యాకెట్‌ను దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేస్తే చాలు, సగం పని అయిపోయినట్టే. నల్లగొండ ఎండకు పావుగంటలో ఆరిపోతుంది.

కత్తిరించేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త కావాలి. మూలను పూర్తిగా కోసి పారేయకూడదు. కొంచెం గాటు పెట్టి, ఆ ముక్క ప్యాకెట్‌కు అంటుకుని ఉండేలా వదలాలి. తెగిపడిన ముక్క గోరంత ఉంటుంది. దాన్ని ఏ చేయీ ఏరలేదు, ఏ జల్లెడా పట్టలేదు. అది మోరీలోకో, పశువు కడుపులోకో, ఎరువు కుప్పలోకో చేరుతుంది. నూనె ప్యాకెట్‌కు ఉత్త నీళ్లతో కడగడం సరిపోదు. తలకిందులుగా పెట్టి చివరి బొట్టు దాకా కారనిచ్చి, గోరువెచ్చటి నీళ్లలో సబ్బు వేసి కడగాలి. అంట్లు తోమిన చివరి నీళ్లు దీనికి చాలు. కడగడానికి కొత్తగా బిందెడు మంచినీళ్లు ఖర్చు పెట్టమని నేను చెప్పను. నీళ్ల విలువ ఈ జిల్లాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ప్లాస్టిక్ అన్నది ఒకటే పదార్థం అనుకోవడం దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. ఇనుము, రాగి, ఇత్తడి అన్నీ లోహాలే అయినా కలిపి కరిగిస్తే దేనికీ కాకుండా పోతాయి. ప్లాస్టిక్ రకాలదీ అదే కథ. సీసా అడుగున మూడు బాణాల ముక్కోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. దాన్ని చాలామంది రీసైకిల్ అవుతుందన్న హామీ అనుకుంటారు. అది ప్లాస్టిక్ రకాన్ని చెప్పే గుర్తు మాత్రమే. తాగునీళ్ల సీసా, కూల్‌డ్రింక్ సీసా 1. షాంపూ, ఫినాయిల్ డబ్బాలు ఎక్కువగా 2. పాల ప్యాకెట్ లాంటి పల్చటి కవర్లు ఎక్కువగా 4. హోటల్ నుంచి కూర పార్సిల్ వచ్చే గట్టి డబ్బా సాధారణంగా 5. ఈ నాలుగింటినీ కొనేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. 3 అంటే పీవీసీ, 6 అంటే థర్మోకోల్ జాతి, 7 అంటే మిగతావన్నీ కలిపిన గంప. థర్మోకోల్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా గాలే. లారీ నిండా ఎక్కించినా తూకానికి ఏమీ రాదు, అందుకే దాన్ని ఎవరూ అడగరు.

ఫ్యాక్టరీలో ఈ రకాలను ఎలా విడదీస్తారో ఇంట్లో బకెట్ నీళ్లతోనే చూడొచ్చు. మా మేనకోడలితో ఒక ఆదివారం ఈ పని చేయించాను. నీళ్ల సీసాను, దాని మూతను, పాల ప్యాకెట్‌ను చిన్న ముక్కలుగా కత్తిరించి బకెట్‌లో వేసి, గాలి బుడగలు పోయేలా కలిపింది. సీసా ముక్కలు అడుక్కి దిగాయి. మూత ముక్కలు, ప్యాకెట్ ముక్కలు తేలాయి. సీసా ప్లాస్టిక్ నీటికంటే బరువైనది, మూతది తేలికైనది. ఫ్యాక్టరీలోనూ సీసాలను ముక్కలు చేసి నీళ్ల తొట్టెలో వేస్తే మూతలు పైకి తేలి వేరవుతాయి. కాబట్టి మూత తీసి పారేయాల్సిన పని లేదు. సీసాను ఖాళీ చేసి, నలిపి, మూత మళ్లీ బిగించి ఇస్తే చాలు. అయితే కొన్ని సీసాల చుట్టూ బిగుతుగా అంటిపెట్టుకునే లేబుల్ పీవీసీతో చేసి ఉంటుంది. పీవీసీ కూడా నీళ్లలో మునిగేదే. అది సీసా ముక్కలతో కలిసి అడుక్కి చేరి, కరిగించేటప్పుడు ఆమ్లం విడుదల చేసి మొత్తం సరుకును పాడు చేస్తుంది. లేబుల్ చింపి తీయడానికి మనకు రెండు క్షణాలు పడుతుంది. ఫ్యాక్టరీలో ఆ పని మహా కష్టం.

ఫ్లోరైడ్ భయంతో నీళ్లు కొనుక్కుని తాగే అలవాటు ఈ జిల్లాలో ఎప్పుడో పాతుకుపోయింది. ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల క్యాను తిరిగి వాడేదే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. పెళ్లిళ్లలో, దావత్‌లలో పంచే చిన్న సీసాలే గుట్టలు పడతాయి. సగం తాగి వదిలేసిన సీసాను నీళ్లతో సహా బస్తాలో పడేస్తే బస్తా అంతా తడుస్తుంది, కాటా కూడా తప్పు చూపిస్తుంది. ఫంక్షన్ హాలులో చేతులు కడిగే చోట ఒక ఖాళీ డ్రమ్ము పెట్టి, మిగిలిన నీళ్లు అందులో ఒంపి సీసా పక్క గోనెలో వేయమని పిల్లలను నిలబెడితే సరిపోతుంది. మా ఇంట్లో జరిగిన ఒక శుభకార్యంలో ఇలా చేశాం. ఆ డ్రమ్ము నీళ్లు హాలు ముందున్న మొక్కలకు రెండు రోజులు సరిపోయాయి.

కొనేవాడే లేని ప్లాస్టిక్ కూడా ఉంది, దాన్ని గుర్తుపట్టాలి. చిప్స్ ప్యాకెట్, బిస్కెట్ ప్యాకెట్, రూపాయి షాంపూ పొట్లం, గుట్కా పొట్లం. వీటిని పిడికిట్లో నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంటాయి, లోపల వెండిలా మెరుస్తాయి. ప్లాస్టిక్ పొరల నడుమ పల్చటి అల్యూమినియం పూత ఉంటుంది. ఆ పొరలను తక్కువ ఖర్చుతో విడదీసే మార్గం లేదు. చెత్త ఏరుకునేవాళ్లు కూడా వీటిని ముట్టరు, కిలో ఏరినా చేతికి పైసా రాదు. వీటికి ఉన్న మెరుగైన దారి సిమెంటు బట్టీ. 1,400 డిగ్రీలు దాటే ఆ వేడిలో బొగ్గుకు బదులు ఇంధనంగా కాలతాయి, బూడిద కూడా సిమెంటులోనే కలిసిపోతుంది. కృష్ణ ఒడ్డు వెంట వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వరుసగా ఉన్న ప్రాంతం మనది. బట్టీకి వెళ్లే చెత్త కూడా పొడిగానే ఉండాలి. తడి ఉంటే వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. కాబట్టి ఈ మెరుపు కవర్లన్నిటినీ ఒకే సంచిలో కుక్కి, మూతి కట్టి, పొడి చెత్తతో పాటే, కానీ విడి సంచిగా ఇవ్వాలి. వీటిని పెరట్లో కాల్చడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఆకుల మంటలో ఆ వేడి రాదు. సగం కాలిన ప్లాస్టిక్ పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

చూడ్డానికి ఒకటి, లోపల మరొకటి అయిన వస్తువులు ఇంకొన్ని ఉన్నాయి. టీ తాగే పేపరు కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది లేకపోతే టీ కారిపోతుంది. దాన్ని పేపర్లతో కలపకూడదు. బట్టల దుకాణంలో ఇచ్చే బట్టలాంటి రంగుల సంచి చాలావరకు నూలుది కాదు, ప్లాస్టిక్ పీచును అతికించి చేసింది. అగ్గిపుల్లతో ఒక పోగు అంటిస్తే కరిగి ముద్దవుతుంది. పళ్లరసం అట్టడబ్బాలో నూటికి దాదాపు డెబ్బై పాళ్లు అట్టే, మిగతాది ప్లాస్టిక్, అల్యూమినియం. ఏటీఎం చీటీలు, దుకాణం బిల్లుల మీద వేడికి నల్లబడే రసాయనం పూసి ఉంటుంది, కాగితం కట్టలో అవి పనికిరావు. మెరుపు పూత వేసిన పెళ్లిపత్రికలు కూడా అంతే.

లోహాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఇనుము, రాగి, ఇత్తడి ముక్కను మన ఇళ్లలో ఎవరూ చెత్తలో వేయరు, వాటి విలువ అందరికీ తెలుసు. అల్యూమినియం ఒక్కటే చేజారుతోంది. కొత్తగా ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే పాత అల్యూమినియాన్ని కరిగించి వాడుకోవచ్చు. బిర్యానీ వెంట వచ్చే ఫాయిల్‌ను కడిగి, ముక్కలన్నీ ఒక ఉండగా చుట్టుకుంటూ పోతే నెలకు నిమ్మకాయంత అవుతుంది. విడివిడి ముక్కలుగా ఉంటే గాలికి పోతుంది, ఉండగా ఉంటే దుకాణదారు తీసుకుంటాడు.

గాజు దగ్గర నేను కాస్త ఆగుతాను. ఒక పొద్దున మా వీధికి చెత్త ఆటోతో వచ్చే అమ్మ ఎడమ అరచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఏమైందమ్మా అని అడిగితే, ముందు రోజు ఎవరో అన్నం మెతుకుల సంచిలో పగిలిన గాజు గ్లాసు వేశారని, సంచి నొక్కి చూడబోతే దిగిందని చెప్పింది. గుడ్డ మీద పసుపు, రక్తం కలిసి గోధుమ రంగు మరక ఉంది. ఆ చేత్తోనే ఆమె ఆ రోజు మా వీధిలో ప్రతి ఇంటి చెత్తా ఎత్తింది. గాజు పగిలితే రెండు మూడు పొరల పేపర్లో చుట్టి, దారం కట్టి, పైన గాజు అని రాసి, డబ్బాలో వేయకుండా చేతికివ్వాలి. పగలని సీసా అయితే పాత సామాను దుకాణానికే ఇవ్వాలి. అద్దం, బల్బు, గాజు గ్లాసు మాత్రం సీసా గాజుతో కలపకూడదు, వాటి తయారీ, కరిగే వేడి వేరుగా ఉండొచ్చు.

డైపర్, శానిటరీ ప్యాడ్ వేసే చోట కూడా ఆ చేతులనే గుర్తు చేసుకోవాలి. పేపర్లో గట్టిగా చుట్టి, పైన ఎర్రసిరాతో గుర్తు పెట్టి విడిగా ఇస్తే, తెలియక విప్పి చూసే అవసరం వాళ్లకు రాదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇప్పుడు ఏ వీధిలోనైనా ఉన్నారు. ఆ సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తూ, నిండాక మూత బిగించి ఇవ్వాలి. ట్యూబ్‌లైటులో, పాత మెలి బల్బు (సీఎఫ్‌ఎల్)లో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టలో చుట్టాలి. ఫోను బ్యాటరీ, పవర్ బ్యాంక్ లోపల లిథియం ఉంటుంది. చెత్త లారీలో నొక్కుడు పడి చితికితే మంట లేస్తుంది, చుట్టూ ఉన్న కాగితమంతా అంటుకుంటుంది. ఇవన్నీ రోజూ పుట్టేవి కావు. ఒక పాత డబ్బాలో నెలల తరబడి దాచి, ఒకేసారి ప్రమాదకర చెత్త అని చెప్పి ఇవ్వొచ్చు. పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు కూడా ఈ కోవలోవే. వాటిని మూడుసార్లు కడిగి, కడిగిన నీళ్లను పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టాలి. చిల్లు పెట్టకపోతే అది ఏదో ఒక రోజు ఎవరింట్లోనో నీళ్ల డబ్బాగా తేలుతుంది.

ఇక కుళ్లేది. పాత నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంటి పక్కన పెంటకుప్ప ఉండేది. ఊడ్చిన చెత్త, పేడ, బూడిద, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే. తొలకరికి ముందు బండ్ల మీద చెలకకు తోలేవాళ్లు. ఆ రోజుల్లో చెత్త అంటే ఎరువే. ఈ రోజు ఏ ఊరి పెంటకుప్పను తవ్వినా గుట్కా పొట్లాలు, కవర్ ముక్కలు బయటపడతాయి, పేడతో పాటు అవీ పొలానికి పోతాయి. దుక్కి దున్నితే నాగలికి చుట్టుకుంటాయి. 2019లో మొదలైన పల్లెప్రగతి అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమంలో పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి, డంపింగ్ యార్డులు, ఎరువు తయారీ షెడ్లు వచ్చాయి. ఆ షెడ్డులో ఎరువు బాగా రావాలంటే ఆ కుప్పలోకి ప్లాస్టిక్ రాకూడదు, అంతే.

పట్నంలో పెంటకుప్పకు చోటు లేకపోయినా పెద్ద కుండకు చోటుంటుంది. చిల్లులున్న కుండలో కూరగాయల తొక్కలు ఒక పొర, ఎండుటాకులు ఒక పొర వేస్తూ పోవాలి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో దోసెడు ఎండుటాకులు వేసి కలిపితే తగ్గుతుంది. వేపాకు, బతుకమ్మ తర్వాత మిగిలిన ఎండు తంగేడు, గునుగు పూలు ఇందుకు బాగా పనికొస్తాయి. బత్తాయి కాలంలో మా ఇంట్లో తొక్కలు కుండ నింపేస్తాయి. వాటిని చిన్న ముక్కలు చేసి, రోజుకు కొన్ని చొప్పున వేయాలి. ఒకేసారి కుమ్మరిస్తే కుండ పుల్లబడి పురుగులు చేరతాయి. పాలమూరు నుంచి బాలానగర్ సీతాఫలాలు వచ్చే రోజుల్లో తొక్క త్వరగానే కుళ్లుతుంది, గింజ కుళ్లదు. దాన్ని దంచి వేద్దామని మాత్రం చూడకండి, ఆ పొడి కంట్లో పడితే కన్నుకు పెద్ద గాయం చేస్తుంది.

నేను ఇదంతా చెబితే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: మనం వేరు చేసి ఇచ్చినా బండిలో కలిపేస్తారు కదా? కొన్ని చోట్ల, కొన్ని రోజులు అలా జరగడం నేనూ చూశాను. బాధ కలుగుతుంది. అయినా వేరు చేయడం వృథా కాదని అనుభవంతో చెప్పగలను. మూతి కట్టిన పొడి సంచి కలగాపులగం బండిలో పడినా లోపలి సరుకు తడవదు, యార్డులో ఏరేవాళ్లు దాన్ని సంచితో సహా పక్కకు తీసుకుంటారు. సంచిలో కట్టకుండా వదులుగా వేసిన కాగితమైతే పది నిమిషాల్లో పప్పుచారులో నానిపోతుంది. అంతేకాక పొడి చెత్తను ప్రతిరోజూ ఇవ్వాల్సిన అవసరం లేదు. కుళ్లదు కాబట్టి కదా దాన్ని పొడి అంటున్నాం. రోజూ వెళ్లాల్సింది కుళ్లేదే. మిగతాది ఇంట్లో ఆగగలదు.

ఇప్పుడు మా ఇంట్లో పేపర్లు వంటింటి మూల నుంచి అటక మీదికి చేరాయి. వెనక గోడకు రెండు గోనెసంచులు మేకులకు వేలాడుతున్నాయి, నేలకు జానెడు ఎత్తులో. ఒకదాంట్లో సీసాలు, డబ్బాలు, ఆరిన ప్యాకెట్లు. రెండోదాంట్లో మెరుపు కవర్లు. రెండు నెలలకోసారి మొదటిది దుకాణానికి, రెండోది ఆటోకు. వానాకాలంలో దండెం పనిచేయదని పొయ్యి పైన కిటికీకి చిన్న తాడు కట్టాను. అన్నం ఉడికే వేడికి పాల ప్యాకెట్లు ముసురు రోజుల్లో కూడా మధ్యాహ్నానికల్లా ఆరిపోతున్నాయి.